వయసు కాగితం: మన పిల్లలకు మొదటి అండ
(కొండాపురంలో జరిగిన గిరిజన యువజన సమావేశంలో సంఘం తరపున చేసిన ప్రసంగ పాఠం)



ఇంతసేపూ పాటలు విన్నాం, ఆటలు చూశాం. మన పాట, మన మాట, మన దేవర, మన కథ నిలబడాలంటే మన పిల్లలు నిలబడాలి. అందుకే ఈ సాంస్కృతిక సభలో ఒక అరగంట చట్టం గురించి మాట్లాడుకుందామని సంఘం పెద్దలం అనుకున్నాం. చట్టమంతా చెప్పబోవడం లేదు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు సంబంధించిన నాలుగు సంగతులే చెబుతాం. ఆ నాలుగూ చివరికి ఒక్క కాగితం దగ్గరికే వస్తాయి. అది పుట్టిన తేదీ చూపించే కాగితం.

ఒకప్పటి చట్టం

ముందు మన తాతల కాలం సంగతి. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. మన నెల్లూరు అప్పుడు మద్రాసులోదే. ఎరుకులవాళ్ళను ఆ జాబితాలో చేర్చారు. యానాదుల్లోనూ కొందరిని చేర్చారు. నేరం చేసినవాడిని పట్టుకోవడం వేరు, ఒక కులంలో పుట్టినందుకే నేరస్థుడని రాసుకోవడం వేరు. ఆ చట్టం రెండోది చేసింది. వేలిముద్రలు తీసుకున్నారు. ఊరు దాటాలంటే అనుమతి కావాలన్నారు. హాజరు వేయించుకోమన్నారు. మనం బస్సెక్కి పోయే కావలిలోనే అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్ళు ఎరుకుల సెటిల్‌మెంటు నడిపారు. బిట్రగుంట దగ్గర కప్పరాళ్ళతిప్ప కూడా అలా ఏర్పడిన సెటిల్‌మెంటే.

పిల్లల విషయంలో ఆ చట్టం ఏం చెప్పిందో మీరు తప్పక తెలుసుకోవాలి. 1924లో మళ్ళీ రాసిన చట్టంలో పదిహేడో సెక్షన్ ఉంది. నేరస్థ జాతి అని ముద్ర పడిన కుటుంబంలో ఆరేళ్ళు దాటి పద్దెనిమిదేళ్ళ లోపున్న పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేసి, రిఫార్మేటరీ బడుల్లో పెట్టే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. పిల్లవాడు ఏ తప్పూ చేయనక్కర్లేదు. ఆ ఇంట్లో పుడితే చాలు.

ఆ చట్టం పోవాలని పోరాడినవాళ్ళలో మన నెల్లూరు జిల్లాలో యానాదుల మధ్య పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య గారు ఒకరు. 1947లో మద్రాసు రాష్ట్రంలో అది రద్దయింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా పోయింది. అందుకే ఆగస్టు 31ని విముక్త జాతుల దినంగా జరుపుకుంటారు.

చట్టం పోయినా చూపు పూర్తిగా పోలేదు. ఇది మా ఒక్కరి మాట కాదు. పోలీసు స్టేషన్లలో పెట్టే హిస్టరీ షీట్ల గురించి 2024 మే నెలలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విముక్త జాతులవాళ్ళ పేర్లు కేవలం కులం చూసి పోలీసు పుస్తకాల్లోకి ఎక్కుతున్నాయన్న ఆరోపణను అందులో ప్రస్తావించింది. షీట్ ఉన్నవాడి ఇంట్లో మైనరు పిల్లల వివరాలు రాసుకునే పద్ధతి మీద కూడా మాట్లాడింది. ఢిల్లీ పోలీసులు మార్చుకున్న నిబంధనలను చూసి మిగతా రాష్ట్రాలు కూడా తమ పద్ధతులను సరిచూసుకోవాలని చెప్పింది. అదే సంవత్సరం అక్టోబరు 3న జైళ్ళలో కుల వివక్ష మీద ఇచ్చిన తీర్పులో, విముక్త జాతులవాళ్ళను ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయకుండా చూడాలని పోలీసులకు చెప్పింది. అంటే నాన్న మీద కేసుంటే కొడుకు దొంగ కాడు. ఆ మాట అనడానికి ఇప్పుడు మన చేతిలో ఆధారం ఉంది.

ఇప్పటి చట్టం

ఇప్పుడున్నది 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం, బాలల న్యాయ చట్టం. 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండని ఎవరైనా ఈ చట్టం కింద బాలలే. ఆడా మగా తేడా లేదు, కులం తేడా లేదు.

ఏ తప్పు చేసినా వదిలేయమని ఈ చట్టం చెప్పదు. తప్పు చేసిన పిల్లవాడిని పెద్దవాడిలా చూడొద్దని చెబుతుంది. వాడి కేసు మామూలు కోర్టుకు పోదు. జిల్లాలో ఉండే బాలల న్యాయ మండలికి, అంటే జువెనైల్ జస్టిస్ బోర్డుకు పోతుంది. అందులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరు మహిళ అయి ఉండాలి. తప్పు రుజువైనా మందలించి పంపడం, కౌన్సెలింగ్, సమాజ సేవ చేయించడం, మంచి నడవడి మీద ఇంటికి పంపడం వంటివి చేస్తారు. మరీ అవసరమైతే స్పెషల్ హోముకు పంపుతారు, అదీ మూడేళ్ళకు మించకుండా. మరణశిక్ష లేదు. విడుదలకు అవకాశమే లేని యావజ్జీవమూ లేదు.

ఒక్క జాగ్రత్త. పదహారు నిండి పద్దెనిమిది లోపు ఉన్నవాళ్ళు ఘోరమైన నేరం చేశారని ఆరోపణ వస్తే, అంటే కనీస శిక్షే ఏడేళ్ళున్న నేరమైతే, వాళ్ళను పెద్దవాళ్ళలా విచారించాలా వద్దా అని బోర్డు ముందుగా పరిశీలిస్తుంది. కాబట్టి పదహారు దాటిన తమ్ముళ్ళు 'మనకేం కాదులే' అనుకోవద్దు. 'పిల్లవాడికి శిక్ష పడదులే' అని చెప్పి మీ చేత దొంగతనం చేయించే పెద్దవాళ్ళు ఉంటారు. సరుకు మోయించే పెద్దవాళ్ళూ ఉంటారు. అలా చేయించినవాడికి ఈ చట్టంలోనే ఏడేళ్ళ వరకు జైలు, ఐదు లక్షల జరిమానా ఉన్నాయి. అలాంటివాడు మామ అయినా బావ అయినా మీకు మేలు కోరేవాడు కాదు.

పద్దెనిమిది ఎవరు లెక్కపెడతారు?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఈ రక్షణలన్నీ ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉన్నాయి. పిల్లవాడికి పద్దెనిమిది నిండాయా లేదా? అదీ పట్టుబడిన రోజుకు కాదు, నేరం జరిగిన రోజుకు.

దీన్ని ఎలా తేల్చాలో చట్టంలో తొంభై నాలుగో సెక్షన్ వరస కట్టి చెప్పింది. మొదట చూసేది బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్, లేదా పదో తరగతి సర్టిఫికెట్. అది లేకపోతే పంచాయతీ, మునిసిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. అదీ లేకపోతేనే ఎముకలను ఎక్స్‌రే తీసి చూసే వైద్య పరీక్ష. ఆ పరీక్ష కచ్చితంగా ఇన్నేళ్ళని చెప్పలేదు. ఏడాది రెండేళ్ళు అటూ ఇటూ పోవచ్చు. పదిహేడేళ్ళ పిల్లవాడికి ఆ రెండేళ్ళే జీవితం.

ఆధార్ కార్డు ఆ వరసలో లేదని గమనించారా? ఆధార్ మనిషిని గుర్తుపట్టడానికే, పుట్టిన తేదీకి రుజువు కాదు. 2024 అక్టోబరులో ఒక యాక్సిడెంటు పరిహారం కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే స్పష్టం చేసింది. ఆధార్‌లో ఉన్న తేదీని పక్కన పెట్టి, బడి సర్టిఫికెట్‌లో ఉన్న తేదీనే తీసుకుంది.

కాగితం విలువ ఏపాటిదో చెప్పడానికి రెండు కేసులు చెబుతాం. రెండూ సుప్రీంకోర్టు తీర్పులే.

1994లో పుణెలో జరిగిన హత్యల కేసులో రాజస్థాన్ పిల్లవాడు ఒకడికి ఉరిశిక్ష పడింది. కేసులో ఒక పేరు, ఊరి బడి రిజిస్టరులో ఇంకో పేరు. ఏళ్ళ తర్వాత ఆ బడి రికార్డు బయటికి వచ్చింది. ఆ రెండు పేర్లూ ఒక్కరివేనని తేలింది. నేరం జరిగిన నాటికి అతనికి పన్నెండున్నర ఏళ్ళే. 2023 మార్చి 27న సుప్రీంకోర్టు వెంటనే వదిలేయమంది. అప్పటికి అతను జైల్లో 28 ఏళ్ళు దాటి గడిపాడు.

రెండోది ఉత్తరాఖండ్‌ది. అదీ 1994 నాటి నేరమే. అప్పుడు అతనికి పద్నాలుగేళ్ళు. నేను మైనర్‌నని మొదట్లోనే చెప్పుకున్నాడు. అతనికి బ్యాంకు ఖాతా ఉంది కాబట్టి మేజరే అయి ఉంటాడని కింది కోర్టు అనుకుంది. ఉరి పడింది. రాష్ట్రపతి దాన్ని తగ్గించారు. చివరికి 2025 జనవరి 8న సుప్రీంకోర్టు విడుదల చేసింది. దాదాపు పాతికేళ్ళు పోయాయి.

ఈ రెండు కేసుల్లోనూ రక్షణ చట్టంలోనే ఉంది. మైనర్‌నన్న వాదన ఏ దశలోనైనా, తీర్పు వచ్చాక కూడా లేవనెత్తవచ్చని చట్టం చెబుతోంది. అందుకే వాళ్ళు చివరికి బయటపడ్డారు. కానీ పోయిన ఏళ్ళను ఏ కోర్టూ తిరిగి ఇవ్వలేదు. కాగితం మొదటి రోజే చేతిలో ఉండాలి, ఒకటే పేరుతో ఉండాలి.

మన కాలనీల్లో, తండాల్లో పరిస్థితి మీకు తెలుసు. కాన్పు ఇంట్లోనో, పనికి పోయిన చోటనో అవుతుంది. ఇటుక బట్టీ దగ్గరో, జామాయిల్ కొట్టే చోటో బిడ్డ పుడితే ఏ పంచాయతీలో రాయించాలో తెలియదు. 'గాలివాన వచ్చిన ఏడు పుట్టాడు' అని అవ్వ చెబుతుంది. బడిలో వేసేరోజు అయ్యవారు చూపుమేర అంచనా వేసి జూన్ ఒకటో తేదీ అని రాసుకుంటారు. ఇంట్లో పిలిచే పేరొకటి, బడిలో ఒకటి, ఆధార్‌లో ఒకటి. పని దొరకాలని ఆధార్‌లో వయసు పెంచి రాయించుకునేవాళ్ళూ ఉన్నారు. పిల్లవాడు ఒడ్డూ పొడవూ ఉంటే బడిలోనే ఒక ఏడు ఎక్కువ పడుతుంది. ఆ ఒక్క ఏడే రేపు పదిహేడేళ్ళవాణ్ణి జైలుకు పంపవచ్చు. ఎందుకంటే చట్టం మొదట నమ్మేది బడి కాగితాన్నే.

కాగితం ఎలా సంపాదించాలి?

బిడ్డ పుట్టిన 21 రోజుల్లోపు పుట్టిన చోటి పంచాయతీలోనో మునిసిపాలిటీలోనో రాయించాలి. ఆసుపత్రిలో పుడితే ఆసుపత్రివాళ్ళే సమాచారం పంపాలి. పంపారో లేదో మనం ఒకసారి కనుక్కోవాలి. ఏడాది దాటిపోయినా దారి మూసుకుపోలేదు. ఆలస్యపు నమోదుకు అధికారి ఆర్డరు కావాలి, దానికి అర్జీ పెట్టాలి. ఏమేం జతచేయాలో గ్రామ సచివాలయంలో పంచాయతీ కార్యదర్శిని అడగండి. అంగన్‌వాడీ రిజిస్టరు, టీకాల కార్డు, ఆశా కార్యకర్త దగ్గర ఉన్న పుస్తకం, ఇవన్నీ అప్పుడు పనికొస్తాయి. పారేయకండి.

2023లో జనన మరణాల నమోదు చట్టాన్ని సవరించారు. ఆ ఏడాది అక్టోబరు 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకు బడిలో చేర్చడానికైనా, డ్రైవింగ్ లైసెన్సుకైనా, ఓటుకైనా, ఉద్యోగానికైనా పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే. కాబట్టి ఇప్పుడు చంకలో ఉన్న బిడ్డలకు ఇది మరీ ముఖ్యం.

బడిలో తేదీ గానీ పేరు గానీ తప్పు పడి ఉంటే పదో తరగతి పరీక్షకు పేర్లు పంపకముందే ప్రధానోపాధ్యాయుల దగ్గరికి పోయి దిద్దించుకోండి. పదో తరగతి సర్టిఫికెట్ వచ్చాక మార్చుకోవడం చాలా కష్టం.

పిల్లవాణ్ణి స్టేషన్‌కు తీసుకుపోతే

ఇది మన కాలనీల్లో ఎప్పుడైనా జరగవచ్చు కాబట్టి గుర్తుపెట్టుకోండి. అరవొద్దు, గుంపుగా పోయి గొడవ పడొద్దు. ఇద్దరు ముగ్గురు పోండి. తల్లో తండ్రో తప్పక ఉండాలి. చదువుకున్న ఒక తమ్ముడో చెల్లెలో తోడు పోవాలి. చేతిలో వయసు కాగితం నకలు ఉండాలి. ఇలా మర్యాదగా అడగండి: "సార్, మావాడికి పదహారేళ్ళు. ఇదిగో బడి సర్టిఫికెట్. చైల్డ్ వెల్ఫేర్ పోలీస్ ఆఫీసర్ ఎవరండీ, వారితో మాట్లాడాలి." ప్రతి స్టేషన్‌లో అలాంటి అధికారి ఒకరు ఉండాలని చట్టం.

పిల్లవాణ్ణి లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. సంకెళ్ళు వేయకూడదు. కొట్టకూడదు, ఒప్పుకోమని ఒత్తిడి చేయకూడదు, ఏ వాంగ్మూలం మీదా సంతకం పెట్టించకూడదు. తల్లిదండ్రులకు తెలియజేయాలి. ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోపు బోర్డు ముందు హాజరుపరచాలి. బెయిలు ఇవ్వడమే మామూలు పద్ధతి. వదిలితే నేరస్థుల చేతిలో పడతాడనో, వాడికే ప్రమాదమనో, న్యాయానికి అడ్డమనో కారణం రాస్తేనే నిరాకరించవచ్చు.

లాయరుకు డబ్బు లేదని భయపడొద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం షెడ్యూల్డ్ తెగలవాళ్ళకు, పిల్లలకు, మహిళలకు ఉచితంగా లాయరును ఇవ్వాలి, ఆదాయంతో పని లేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నెల్లూరులో ఉంది. ఫోను 15100. పిల్లలు ఆపదలో ఉంటే 1098. ఈ రెండు నంబర్లూ ఇప్పుడే ఫోన్లో వేసుకోండి.

ఇంకొక మాట. పట్టుబడిన పిల్లవాడి పేరు, ఫొటో, ఊరు ఏ పేపరులోనూ, ఏ చానెల్‌లోనూ రాకూడదు. వాట్సాప్ గ్రూపులో మీరు పెట్టినా తప్పే. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా ఉన్నాయి. పెద్దవాడిగా విచారణ జరిగినవాళ్ళ సంగతి వేరు గానీ, మిగతా పిల్లలకు ఆ కేసు వల్ల ఉద్యోగానికి గానీ చదువుకు గానీ అనర్హత ఉండదు. కాబట్టి బోర్డు నుంచి వచ్చిన పిల్లవాణ్ణి 'కేసు నాకొడుకు' అని పిలవడం మనమూ మానాలి.

ప్రేమలు, పెళ్ళిళ్ళు

ఇది చెప్పడానికి పెద్దలకు మొహమాటం, వినడానికి మీకు సిగ్గు. అయినా చెప్పాలి. పద్దెనిమిది నిండని ఆడపిల్ల ఇష్టపడి వచ్చినా, 2012 నాటి పోక్సో చట్టం ముందు ఆ ఇష్టానికి విలువ లేదు. అబ్బాయికి పందొమ్మిదేళ్ళయితే అతను పెద్దవాడిగా కోర్టుకు పోతాడు. శారీరక సంబంధం రుజువైతే కనీస శిక్ష పదేళ్ళు. అమ్మాయికి పదహారేళ్ళ లోపైతే ఇరవై ఏళ్ళు. మన ఆచారంలో ఎప్పటినుంచో ఉందని చెప్పినా కోర్టు వినదు. పెళ్ళికి అమ్మాయికి పద్దెనిమిది, అబ్బాయికి ఇరవై ఒకటి నిండాలని 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం చెబుతోంది. మనకు మినహాయింపు లేదు. ఇక్కడ కూడా తేల్చేది ఆ కాగితమే. తమ్ముళ్ళూ, ప్రేమ నిజమైతే రెండేళ్ళు ఆగుతుంది. చెల్లెళ్ళూ, మీ చదువుకు ఆ రెండేళ్ళు చాలా విలువైనవి.

తాకట్టులో పిల్లలు

చివరిగా, నేరం చేసిన పిల్లల కన్నా ఎక్కువమంది నేరానికి గురైన పిల్లలు మనవాళ్ళలో ఉన్నారు. 2025లో గూడూరు ప్రాంతపు యానాది కుటుంబం ఒకటి బాతులు మేపే యజమాని దగ్గర పనిచేసింది. అప్పు తీరేదాకా అని ఆ యజమాని తొమ్మిదేళ్ళ కొడుకును తన దగ్గర ఉంచుకున్నాడు. తల్లి డబ్బు సమకూర్చుకుని వచ్చేసరికి బిడ్డ లేడు. పోలీసులు వెతికితే తమిళనాడులో కాంచీపురం దగ్గర పాలారు ఒడ్డున పూడ్చిన శవం దొరికింది.

ఆ తల్లి బాధకు మనం ఏ మాటా చెప్పలేం. ఆ బిడ్డ పేరు ఇక్కడ చెప్పకపోవడం కూడా చట్టం మీద గౌరవంతోనే. కానీ మీరు తెలుసుకోవాల్సింది ఉంది. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం వెట్టికి కారణమైన అప్పు చెల్లదు. బిడ్డను తాకట్టు పెట్టుకునే హక్కు ఎవరికీ లేదు. పనికోసం పిల్లలను అలా కట్టిపడేసినవాడికి బాలల న్యాయ చట్టం కిందే ఐదేళ్ళ వరకు జైలు ఉంది. ఏ బిడ్డనైనా బాతుల వెంటో, బట్టీకో, గుంటల కాపలాకో అప్పు కింద పంపారని వింటే 1098కి ఫోను చేయండి. ఆర్డీఓకు గానీ కలెక్టరుకు గానీ అర్జీ పెట్టండి. బడి రిజిస్టరులో పేరుండి రోజూ పోయే పిల్లవాడు పది రోజులు కనపడకపోతే అడిగే అయ్యవారు ఒకరుంటారు. ఏ పుస్తకంలోనూ లేని పిల్లవాడి కోసం ఎవరు వెతుకుతారు?

మీ నుంచి మేము కోరేది

పెద్ద పని కాదు. మీలో పది చదివినవాళ్ళున్నారు, ఇంటర్, డిగ్రీ చదివేవాళ్ళున్నారు. ఒక్కొక్క కాలనీకి, ఒక్కొక్క తండాకు ఇద్దరు చొప్పున ముందుకు రండి. ఒక నోటు పుస్తకం తీసుకోండి. ఇంటింటికీ పోయి పద్దెనిమిదేళ్ళ లోపు ప్రతి బిడ్డకూ నాలుగు గళ్ళు నింపండి. బడిలో పేరు, తేదీ. జనన ధ్రువపత్రం ఉందా లేదా. ఆధార్‌లో పేరు, తేదీ. మూడూ ఒకటేనా కాదా. ఆ పుస్తకం కాలనీ దాటి పోకూడదు, ఫోన్లలో తిరగకూడదు. కాగితం లేనివాళ్ళ జాబితా మాత్రం సంఘానికి ఇవ్వండి. సచివాలయానికి, బడికి, ఆర్డీఓ ఆఫీసుకు మేము మీ వెంట వస్తాం.

ఒకప్పుడు మన పిల్లల పేర్లు రాసుకోవడానికి ప్రభుత్వం పుస్తకం పెట్టింది, వాళ్ళను తల్లి ఒడి నుంచి తీసుకుపోవడానికి. ఈ పుస్తకం మనమే రాద్దాం, వాళ్ళను కాపాడుకోవడానికి. ఈ సాయంత్రం పోయేముందు మీ కాలనీ పేరు, మీ పేరు చెప్పి పోండి. వచ్చే ఆదివారం నుంచి మొదలుపెడదాం.